‘ఏ తేదీన?’ అని అడిగిన మనిషి

మీ ఊరి బోరు నీళ్లు తాగవచ్చునా అని ఫోనును అడిగినప్పుడు, అది మొదట చూపించిన జవాబు ఏనాటిదో మీలో ఎందరు చూసి నమ్మారు?

నేను చూసేదాన్ని కాదు. కాలేజీ వాదపోటీలలో మూడేళ్లపాటు ఎదుటివారిని ‘మీ ఆధారమేమిటి?’ అని నిలదీసిన నేను, నా చేతిలోని ఫోనును మాత్రం ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. అడగడం నేర్పినవాడు లెక్చరరు కాదు. మార్కాపురంలో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడిగి, కడిగి, రిటైరైన అటెండరు. విద్యార్థులందరికీ ఆయన ‘ల్యాబు మామ’. పేరు రాయడం లేదు. తాను నడిపిన వెబ్‌సైటులో ఆయన తన పేరు ఒక్క పేజీలోనూ రాసుకోలేదు. ఆయన రాసుకోనిదాన్ని నేను రాయడం న్యాయం కాదు.

ఈ వేసవిలో ఆయన పోయాడు. ఏడ్చాను, ఊరుకున్నాను. పోయిన నెలలో పొదిలి బస్టాండు ఎదుట ఒక హోటలులో దోసె తింటుండగా, నీళ్ల డ్రమ్ము పైన గోడకు అంటించిన కాగితం కంటబడింది. మామ వెబ్‌సైటులోని పేజీకి ప్రింటు అది. ఆ వీధి బోరు పేరు, కింద పెద్ద అక్షరాలతో ‘తాగవచ్చు’. ఇంకా కింద తేదీ. ఐదేళ్ల కిందటిది. చేయి కడుక్కొని, సంచిలోంచి పెన్ను తీసి ఆ కాగితం ముందు నిలబడ్డాను.

“ఏందమ్మా, మా గోడ మీద ఏం గీస్తాండావు?” అని గల్లాపెట్టె దగ్గరి నుంచి యజమాని కేక వేశాడు.

ఆయనకు నేనిచ్చిన జవాబు మీకు అర్థం కావాలంటే ముందు మామను మీరు చూడాలి.

*

మామ చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, బలపం ఉండేది. జేబు అంచు ఎప్పుడూ తెల్లగా ఉండేది. పలకల కార్ఖానాల వెనుక గుట్టలు పోసిన పగిలిన ముక్కలలో అరచేతి వెడల్పువి ఏరుకొచ్చి ల్యాబు కిటికీలో వరుసగా పేర్చేవాడు. పల్లెల నుంచి ఎవరైనా నీళ్ల సీసా తెస్తే, దాని పక్కన ఒక పలక ముక్క నిలబెట్టి ఊరు, బోరు, తేదీ రాసి, రెంటినీ కలిపి ఫోటో తీసేవాడు. సీసాకే చీటీ అంటించవచ్చు కదా అని అడిగాను.

“తడికి ఊడతాది పాపా. ఊడిన చీటీ పక్క సీసాకు అంటుకుంటాది. అప్పుడు ఒక ఊరోళ్ల రోగం ఇంకో ఊరికి రాసినోళ్లమైతాం.”

తరువాత సీసాను పడమటి కిటికీ వెలుగులోకి ఎత్తి, ఎడమ కన్ను మూసి, మందు చుక్కలు వేసి చూసేవాడు. గులాబీ రంగు నిలిస్తే ఆ నీటిలో ఫ్లోరైడు హద్దులో ఉన్నట్టు. పసుప్పచ్చకు తిరిగితే ఆ నీళ్లు పండ్లనూ ఎముకలనూ తినేవని. ఒకసారి పామూరు వైపు నుంచి వచ్చిన రైతు, సీసాలో రంగు మారగానే సంబరపడ్డాడు.

“పసుపు వచ్చింది. శుభమే గదా మామా?”

“పెండ్లిలో శుభం. సీసాలో గాదు నాయనా.”

ఆయన మాటలన్నింటిలోకి పేరుపడినది మాత్రం ఒకటే ప్రశ్న. “మా నీళ్లు మంచివేనా మామా?” అంటే, “ఏ తేదీన?” అనేవాడు. “ఆరోగ్యం ఎట్ల ఉంది మామా?” అన్నా, “ఏ తేదీన?” స్టాఫ్ రూములో లెక్చరర్లు కూడా దాన్ని అనుకరించి నవ్వుకునేవారు. నవ్వినందుకు ఆయన నొచ్చుకున్నట్టు నేను చూడలేదు. నవ్వు ఆగేదాకా ఆగి, మళ్లీ తేదీ అడిగేవాడు.

విశ్వవిద్యాలయ స్థాయి పోటీకి సిద్ధమవుతూ, ఎవరూ లేరని ల్యాబులో నిలబడి ప్రసంగం వల్లిస్తున్నాను. “సత్యం కాలానికి లొంగదు, సత్యం నిత్యం” అని చేయి పైకెత్తాను. సింకు దగ్గర ఫ్లాస్కులు కడుగుతున్న మామ తల తిప్పకుండానే, “ఏ తేదీన?” అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కప్పు గెలిచి, కావాలనే ల్యాబుకు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. చుట్టూ తిప్పి చూశాడు. కొళాయి కింద పెట్టి నీళ్లు నింపాడు. అతుకులోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారాయి.

“బాగుంది పాపా. మాట నిలుస్తాది గానీ నీళ్లు నిలవవు” అని, తుడిచి నా చేతికిచ్చాడు.

రికార్డు పుస్తకాల విషయంలో మాత్రం నవ్వులాట ఉండేది కాదు. మాలో ఎవరైనా తప్పు అంకెను సిరాతో నల్లగా పూసి తెస్తే ఆ పుస్తకం వెనక్కి వచ్చేది. తప్పు మీద అడ్డంగా ఒక్క గీత, పక్కన ఒప్పు, కింద తేదీ. అంతే. “కింద అంకె కనపడాల. దాచిపెట్టిన తప్పు మళ్లీ చేస్తావు” అనేవాడు. ఇది ఒక అటెండరు చాదస్తమని అప్పుడు అనుకున్నాను.

*

రిటైరైన తరువాత మామ పలకల కార్ఖానాల దారిలోని ఒక జిరాక్సు దుకాణంలో మూలకున్న పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పలక ముక్కలను ఆ దుకాణం కిటికీలో పేర్చి, సీసాల పరీక్ష అక్కడే సాగించాడు. దుకాణం యజమాని మా కాలేజీ పాత విద్యార్థే; తీరికైనప్పుడల్లా నేనూ అక్కడికి వెళ్లేదాన్ని. ముప్పై ఏళ్ల నీళ్ల పరీక్షల పుస్తకాలను రెండు వేళ్లతో టైపు చేసి వెబ్‌సైటుగా పెట్టాడు. తర్లుపాడు, పొదిలి, గిద్దలూరు, పామూరు చుట్టుపక్కల పల్లెలలో ఎవరైనా తమ బోరు పేరు కొడితే జవాబు రావాలన్నది ఆశ.

అయితే మన పల్లెలలో బోరుకు ఒకే పేరు ఉండదు. దానమిచ్చినవారిది ఒక పేరు, తవ్వినవారిది ఒక పేరు, పక్కనున్న గుడిదో బడిదో ఇంకో పేరు. అందుకని మామ ఒక్కో పేరుకు ఒక్కో పేజీ పెట్టాడు. లోపలి సంగతి మాత్రం ఒకటే. దానికి తోడు, రికార్డులో పేజీ చింపకూడదన్న జీవితకాలపు నియమంతో, ప్రతి ఏటి పరీక్షకూ కొత్త పేజీ పెట్టి పాతదాన్ని అలాగే ఉంచాడు. అట్ల ఒక్కో బోరుకు తొమ్మిది, పది పేజీలయ్యాయి. ల్యాబులో మెచ్చుకోదగిన ఆ క్రమశిక్షణే ఇక్కడ తప్పుగా మారింది.

దాన్ని మాకు చూపించినది తర్లుపాడు మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చిన తల్లి. గొర్లు మేపుకునే కుటుంబం. పక్కన ఎనిమిదేళ్ల కూతురు. ఆ పాప నవ్వినప్పుడల్లా చేయి అడ్డం పెట్టుకుంటోంది. తల్లి ఆ చేయిని పక్కకు తీసింది. ముందుపండ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు.

“బడిలో పిల్లోళ్లు ఎక్కిరిస్తాండారు. డాక్టరు నీళ్ల వల్లనే అన్నాడు. నీళ్లు మంచివేనని నువ్వే గదా రాసినావు అన్నా?” అని ఫోను ముందుకు చాపింది.

మామ కళ్లద్దాలు సవరించుకొని చూశాడు. ఆమె ఫోనులో నోటితోనే బోరు పేరు చెప్పి వెతికింది. బయటి సెర్చ్ ఇంజను మొదట చూపించినది నాలుగేళ్ల కిందటి పేజీ. ‘తాగవచ్చు’. ఆ మరుసటి ఏడే ఎండలకు నీళ్లు ఇంకిపోతే బోరును ఇంకా లోతుకు దించారు. ఆ తరువాత పరీక్షలో సీసా పసుప్పచ్చకు తిరిగింది. ఆ కొత్త పేజీ కూడా వెబ్‌సైటులో ఉంది. కానీ ఒకే సంగతి తొమ్మిది చోట్ల కనిపించేసరికి, ఏది అసలో తేల్చుకోలేని యంత్రం ఎక్కువకాలంగా ఉన్నదాన్ని, ఎక్కువమంది పంచుకున్నదాన్ని పైకి తెచ్చింది. కొత్తది అడుగున పడింది.

“వేరేవోళ్లు చెప్పింటే తాగం అన్నా. నువ్వు చెప్పినావనే తాగినాం” అంది ఆమె. కోపంగా అనలేదు. కోపంగా అనివుంటే ఆయనకు కొంత తేలిక అయ్యేదేమో.

మామ లేచి నిలబడి, ఆ పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. “తప్పు నాది తల్లీ” అన్నాడు. ఆ వయసు మనిషి ఎనిమిదేళ్ల పిల్లకు సాకు చెప్పకుండా తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

*

వాళ్లు వెళ్లాక దుకాణంలో వాదం మొదలైంది.

“పాత పేజీలన్నీ తీసి పారేయి మామా. పీడ పోతాది” అన్నాడు దుకాణం ఆయన.

“తీసేస్తే ఆ బోరు ఏ ఏడు చెడిందో రేపు ఎవురు చెప్తారు? మంచినీళ్ల పైపు కావాలని వాళ్లు ఆఫీసుకు పోతే చేతిలో ఏం పట్టుకపోతారు?”

నేను నా పక్షం ఎత్తుకున్నాను. పేజీలు తీయకూడదు, సెర్చ్ ఇంజనుకు కనబడకుండా ఏ ఒక్కదాన్నీ దాచకూడదు కూడా. ప్రజల సమాచారాన్ని ఏది చూడాలో ఏది చూడకూడదో నిర్ణయించే హక్కు మనకెక్కడిది? ఈరోజు పాత పేజీని దాచినవాడు రేపు ఇష్టంలేని పేజీని దాచడా? పావుగంట మాట్లాడాను. పోటీలో అయితే చప్పట్లు పడేవి.

మామ అంతా విన్నాడు. బలపాన్ని బొటనవేలితో తిప్పుతూ నెమ్మదిగా అన్నాడు: “బాగా చెప్పినావు. నీ వాదంలో ఆ పాప యాడుంది?”

ఎక్కడా లేదు. ఉండివుంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

ఆయన ఒక పలక ముక్క తీసుకొని అంకె రాసి, దాని మీద అడ్డంగా ఒక్క గీత గీశాడు. “ఇది దాచిందా పాపా? కనపడతానే ఉంది గదా. లెక్కలో చేర్చుకోవద్దు అని చెప్తాంది, అంతే. పేజీకి గూడా ఇట్లాంటి గీత ఒకటి ఉంటాది. అది చూద్దాం.”

అటువంటి గీత నిజంగానే ఉంది. పేజీ తలలో చదివేవారికి కనిపించని ఒక వాక్యం పెడితే, ‘ఈ పేజీని నీ జాబితాలో చేర్చవద్దు’ అని సెర్చ్ ఇంజనుకు తెలుస్తుంది. పేజీ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది; చిరునామా తెలిసినవారు చదువుకోవచ్చు. మామ ప్రతి బోరుకు తాజా తేదీ ఉన్న ఒక అసలు పేజీని నిలబెట్టి, మిగిలిన పాతవాటి, నకళ్ల తలలో ఆ వాక్యం రాశాడు. అంతటితో ఆగక, ఇంకా గట్టిగా ఉండాలని, ఆ నకళ్ల వైపే రావద్దని వెబ్‌సైటు వాకిట్లో సెర్చ్ ఇంజను యంత్రాలకు ఒక నిషేధం కూడా పెట్టాడు.

మూడు వారాలు గడిచినా, ఆ తల్లి చెప్పిన పేరుతో వెతికితే పాత పేజీయే వచ్చేది. మామ రోజూ ఉదయం దుకాణానికి వచ్చి వెతికి, పలక మీద తేదీ వేసి ‘ఉంది’ అని రాసేవాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి తనలో తాను నవ్వుకుంటున్నాడు.

“ఎంత తెలివి తక్కువోన్ని పాపా! లోపల గోడకు చీటీ అంటించి, బయట తలుపుకు తాళమేసినా. చీటీ చదవాలంటే లోపలికి రావాల గదా అది?”

వాకిట్లో నిషేధం తీసేశాడు. యంత్రం లోపలికి వచ్చింది, చీటీ చదివింది. పాత పేజీలు ఒక్కొక్కటే బయటి జాబితా నుంచి తొలగిపోయాయి. పలక మీద ‘లేదు’ అని మొదటిసారి రాసిన రోజున, దుకాణం ఆయనకు, నాకు టీ తెప్పించాడు.

టీ చల్లారకముందే గిద్దలూరు వైపు నుంచి ఫోను వచ్చింది. “మామా, మా గంగమ్మ బోరు యాడపాయ? నీ సైటులోనే కొడితే ఏం రాలేదే!”

మామ ముఖంలో రంగు పోయింది. వెబ్‌సైటులో వెతకడానికి పెట్టిన పెట్టె కూడా ఆ బయటి సెర్చ్ ఇంజను దగ్గర అరువు తెచ్చుకున్నదే. గంగమ్మ బోరన్న పేరు నకలు పేజీ మీదే ఉంది; బయటి జాబితాలో లేనిది లోపలి పెట్టెకూ దొరకదు. వీధిలోవారికి వద్దన్నది ఇంట్లోవారికీ లేకుండా పోయింది. “నేను చెప్పలేదా!” అనాలని నా నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగాను.

“అరువు పెట్టె వద్దు. మన జాబితా మనమే రాసుకోవాల” అన్నాడు మామ. అంటే, ప్రతి బోరుకు జనం పిలిచే ప్రతి పేరునూ చేత్తో చేర్చి, అది వెబ్‌సైటు లోపలి పెట్టెకు మాత్రమే తెలిసేట్టు పెట్టడం. అప్పుడు ఏ పేరు కొట్టినా అసలు పేజీయే ముందు రావాలి. దాని కింద పాతవి తేదీల వరుసలో ఉండాలి. ఇంట్లో అన్నీ ఉంటాయి, వీధిలోకి మాత్రం ఒకటే వాకిలి.

*

ఆ ఏటి వేసవిలో ఆయన స్కూటీ వెనుక కూర్చొని నేను పల్లెలు తిరిగాను. మొదట వెళ్లినది ఆ తల్లి ఊరికే. బోరు దగ్గర ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. “ఈ బోరును మీరేమంటారు?” అని అడిగాను.

“బడి బోరు.”

“బడి మూసి ఎన్నేండ్లాయ? ఇది గొర్ల తొట్టి బోరు.”

“మా అత్త సాయిబు బోరు అంటాది. తవ్వినోడు సాయిబంట.”

“మీ అత్త ఏదైనా అంటాది. నిన్ను గూడా మంచి కోడలంటాది, అదీ నమ్మాల్నా ఏంది?”

నవ్వులు. ఎటూ తేలకపోయేసరికి నాకు విసుగొచ్చింది. “అందరూ కలిసి ఒక్కటి చెప్పండమ్మా” అన్నాను. మామ నన్ను వారించాడు. “ఒక్కటే రాస్తే మిగతావోళ్లకు దొరకదు పాపా. చెప్పనీ.”

నీడలో కూర్చున్న ఒక ముసలామె అప్పుడు అంది: “తియ్యబోరు అని రాసుకో నాయనా. చుట్టుపక్కల ఇంత తియ్యటి నీళ్లు యాడా లేవు.”

నేను ఉలిక్కిపడ్డాను. ఆ పాప పండ్లను తిన్నవి ఆ నీళ్లే. ఫ్లోరైడుకు రుచి ఉండదు. అటువంటి పేరు రాయడమంటే అబద్ధాన్ని రికార్డుకు ఎక్కించడం కాదా అని గొణిగాను. మామ అప్పటికే పలక మీద ‘తియ్యబోరు’ అని రాస్తున్నాడు.

“తప్పు పేరే. కానీ ఆ అవ్వ మనమరాలు రేపు వెతికేది ఈ పేరుతోనే. తప్పు పేరుతో వచ్చినోళ్లకే గదా మనం ఒప్పు చూపించాల్సింది.”

నాకు దొరికిన కప్పులన్నింటికన్నా ఆ ఒక్క వాక్యం బరువైనది. పేరు తప్పని వాదించి గెలిస్తే ఆ అవ్వ ఊరుకునేది. బిందె మాత్రం ఆ బోరు కిందనే పెట్టేది.

జాబితా పూర్తయ్యేసరికి మామ కుడి చూపుడువేలు వాచింది. తిరిగి ఆ పల్లెకు వెళ్లి, ఆ తల్లిని తన ఫోనులోనే మళ్లీ అడగమన్నాడు. ఆమె అదే మాట నోటితో చెప్పింది. ఒకే ఒక పేజీ వచ్చింది: ‘తాగరాదు’, పక్కన ఆ నెలలోనే మళ్లీ చేసిన పరీక్ష తేదీ. తరువాత వెబ్‌సైటు పెట్టెలో ‘తియ్యబోరు’ అని కొట్టించాడు. అదే పేజీ. కింద పాత ఏళ్లవి, ఒక్కోదాని మీద ఒక్కో గీతతో.

ఆమె చదివి ఫోను దించింది. “పాప పండ్లు మళ్లీ తెల్లగైతాయా అన్నా?”

మామ నేల చూడలేదు, ఆమెనే చూశాడు. “కావు తల్లీ. ఎముకలు కాపాడుకునేది ఇంకా మన చేతిలో ఉంది. ఈ పొద్దటి నుంచి ఈ నీళ్లు తాగనీయొద్దు.”

ఆ సాయంత్రమే ఆమె వీధిలోవాళ్లను కూడగట్టింది. తర్లుపాడు నుంచి ఆటోలో మంచినీళ్ల క్యాన్లు రప్పించుకోవడం మొదలుపెట్టారు. పాత పేజీలు, కొత్త పేజీ వరుసగా ప్రింటు తీసుకొని, బోరు ఏ ఏడు చెడిందో చూపించడానికి ఆఫీసుకు వెళ్లారు. మామ వాటిని చెరిపివుంటే వాళ్ల చేతిలో ఏమీ ఉండేది కాదు. నేను చెప్పినట్టు అన్నింటినీ బయట వదిలివుంటే వాళ్లు ఇంకా అవే నీళ్లు తాగుతుండేవారు.

*

ఇప్పుడు పొదిలి హోటలు.

“గోడ మీద కాదండీ, కాగితం మీద గీస్తున్నాను. ఇది పాతది” అన్నాను.

“బోరు అదే, వీధి అదే. నీళ్లు మంచివని పెద్దమనిషి రాసిందే గదమ్మా?”

“ఏ తేదీన?” అన్నాను. అడిగాక గానీ అది ఎవరి గొంతో నాకు తెలియలేదు.

ఆయన లేచి వచ్చి, కళ్లు చికిలించి తేదీ చదివాడు. ‘తాగవచ్చు’ మీద నేను అడ్డంగా ఒక్క గీత గీస్తుంటే చూస్తూ నిలబడి, ఒక ఖాళీ సీసా కడిగి, డ్రమ్ములోంచి కాకుండా బోరు నుంచే నింపుకొచ్చి నా చేతిలో పెట్టాడు. “మా పిల్లోళ్లు గూడా ఇవే తాగుతారు. చూసి చెప్పు తల్లీ.”

మార్కాపురం చేరేదాకా ఆ సీసాను ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు తట్టింది: మామ పోయాక ఆ వెబ్‌సైటులో ఒక్క కొత్త తేదీ కూడా పడలేదు. ఆయన అంత కష్టపడి నిలబెట్టిన అసలు పేజీలే రోజురోజుకూ పాతవవుతున్నాయి. మనం ఊరుకుంటే, ఆయన మాటే ఇంకో పల్లెలో ఇంకో పాప చేత నోటికి చేయి అడ్డం పెట్టిస్తుంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆయన పేజీకి నకలు మీ గోడ మీద గానీ, ఫోనులో గానీ, మీ వీధివారి గుంపులో గానీ ఉంటే వెళ్లి తేదీ చూడండి. ఏడాది దాటినదైతే చింపవద్దు, చెరపవద్దు. ‘తాగవచ్చు’ మీద ఒక్క గీత గీయండి. తరువాత మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి, శనివారం ఉదయం ఆ జిరాక్సు దుకాణానికి తీసుకురండి. మందు వేయడం నేర్చుకున్నాను. పలక ముక్కలు కిటికీలోనే ఉన్నాయి. మీరు మీ బోరును ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే చెప్పండి, తప్పో ఒప్పో నేను అడగను. తేదీ మాత్రం మీ చేత్తోనే రాయండి.